పురవీథి యెవరిది?

గడప లోపలి స్థలము గృహస్థునిది. గడప వెలుపలి వీధి యెవరిది? ఈ ప్రశ్న మన పట్టణములలో నిత్యము పుట్టుచున్నను, దానికి సరియైన సమాధానమును విచారించువా రరుదు. కొందరు వీధి సర్కారుదందురు. కొందరు మునిసిపాలిటీదందురు. మరికొందరు నోటితో నేమియు చెప్పరు. అరుగును రెండడుగులు ముందునకు జరిపి, మెట్లను మురుగుకాలువ మీదికి దింపి, వీధి తమదేయని చేతలతో చాటుదురు. చట్టమును చూచినచో, పురవీథులు పురపాలక సంఘమునందు నిక్షిప్తములై యున్నవని చెప్పును. నిక్షేపమనగా నమ్మి యప్పగించిన సొమ్ము. దాచుమని యిచ్చిన దానిని దాచినవాడు అమ్ముకొనరాదు. తాళమువేసి సొంతదారును వెలుపల నిలుపనురాదు. అప్పగించినవారు పురజనులు. ఈ యొక్కమాటను మరచుటవలననే మన పట్టణములలో సగము తగవులు పుట్టుచున్నవని మా యభిప్రాయము.

ప్రతి పట్టణమునందును ఏటేట రెండు తెగల నిర్ణయములు జరుగుచున్నవి. మొదటిది, ఏ నేలను ఏ పనికి వాడవచ్చునో నిర్ణయించుట. అనగా నివాసస్థలమును వ్యాపారమునకును, పంటపొలమును ఇండ్లకును, పార్కునకు విడిచిన చోటును మరియొకదానికిని మార్చుట. రెండవది, ఏ వీధిని ఎవరికొరకు ఎంతకాలము మూయవలెనో నిర్ణయించుట. పన్ను కాసంత పెంచవలెనన్నచో కౌన్సిలు భవనము దద్దరిల్లును. ఈ రెండు తెగల విషయములు మాత్రము కార్యక్రమ పట్టికలో చివరిపుటలకు జారి, ‘ఆమోదింపబడినది’ అను నొక్కమాటతో ముగియుచున్నవి. పెరిగిన పన్నును మరుసటియేట తగ్గింపవచ్చును. భవనము లేచిన పిదప పార్కు తిరిగిరాదు. గోడ కట్టిన పిదప దారి, దావా లేక తెరువబడదు. మరల దిద్దుకొనరాని నిర్ణయములనే మనము చర్చలేక విడిచిపుచ్చుచున్నాము!

పార్కు కథ

ఇందుకు బెంగుళూరు మంచి నిదర్శనము. ఆ నగరమున రాజమహల్ విలాస్ విస్తరణమను పేట 1945 నాటి నగరాభివృద్ధి చట్టము ననుసరించి యేర్పడినది. ఆ పేట ప్లానులో కొంతస్థలము ప్రజల పార్కునకై ప్రత్యేకింపబడెను. కొంతకాలమునకు పిమ్మట, ప్రభుత్వాజ్ఞ ననుసరించి నగరాభివృద్ధి సంస్థ ఆ స్థలమును ఒక ప్రైవేటు వైద్య ట్రస్టునకు ఆసుపత్రి నిర్మించుటకై కేటాయించెను. పేటవాసులు హైకోర్టు నాశ్రయించిరి. మొదట విచారించిన న్యాయమూర్తి ఆ కేటాయింపు చెల్లునని తీర్పుచెప్పెను. వారు నిరాశపడక పైబెంచికి పోయిరి, అచట గెలిచిరి. ట్రస్టువారు సుప్రీముకోర్టునకు పోయిరి. 1991 వ సంవత్సరమున సుప్రీముకోర్టు పేటవాసుల పక్షమే స్థిరపరచెను.

ఈ వ్యాజ్యమున గమనింపదగిన సంగతులు మూడు గలవు. పార్కు స్థలము ప్రజలకొరకు విడువబడినది. దానిని ప్రైవేటు చేతులలో నుంచుట ప్లానునకే విరుద్ధమని న్యాయస్థానము చెప్పినది. ప్లానును మార్చుటకు చట్టము ఒక మార్గమును విధించినపుడు, ఆ మార్గమును త్రొక్కక పైనుండి వచ్చిన యాజ్ఞను పట్టుకొని స్థలమును మార్చరాదని చెప్పినది. అన్నిటికంటె ముఖ్యమైనది మూడవది. ఆ స్థలము ఎవరి సొంతము కాకున్నను, ఆ పేటయందు నివసించువారందరికిని దానికొరకు కోర్టు గుమ్మ మెక్కు నర్హత గలదని చెప్పినది. ‘నీ స్థలమా, నీ కెందుకు?’ అని పురజనులను కసరుకొను నుద్యోగులకు ఇంతకంటె చక్కని సమాధానము లేదు.

ఆసుపత్రి మంచిది కాదా యని యడుగువా రుందురు. మంచిదే. పాఠశాలయు మంచిదే, సంత యును మంచిదే. ఒక మంచిపనికని చెప్పి మరియొక మంచిపనికి విడిచిన నేలను తీసికొనుట మొదలిడినచో, పట్టణమునందు గాలి వీచుటకు జానెడు చోటు మిగులదు. ఆక్రమణ యెపుడును తన పేరు చెప్పుకొని రాదు. అది యెల్లపుడు లోకోపకార మను ముసుగు వేసికొనియే వచ్చును.

దారి కథ

ఇక వీధుల మూతకు సికిందరాబాదు కంటోన్మెంటును చూడుడు. 1806 లో సికందర్ జా పేరిట వెలసిన యా దండుప్రాంతము చుట్టును నేడు మహానగరము పెరిగిపోయినది. మల్కాజిగిరి, నేరేడుమెట్టు, సైనికపురి, యాప్రాలు మున్నగు తావుల జనులు సికిందరాబాదునకు రావలెనన్నచో సైనిక ప్రాంతపు బాటలే దగ్గరిదారులు. ఆ బాటలు మూయబడినపుడెల్ల, బడికి పోవు బిడ్డలు మొదలుకొని ఆసుపత్రికి పోవు రోగివరకు అందరును చుట్టుదారి పట్టవలసివచ్చినది.

సైన్యమునకు రక్షణ యక్కరలేదని మేము చెప్పము. చట్టమును చెప్పలేదు. 2006 నాటి కంటోన్మెంటు చట్టము 258 వ విధి ఇందుకు స్పష్టమైన పద్ధతి నేర్పరచినది. భద్రతా కారణమున్నగాని వీధిని శాశ్వతముగా మూయరాదు. పైయధికారుల యనుమతి లేక మూయరాదు. ప్రజలకు ప్రకటన నిచ్చి, వారి ఆక్షేపణలను సూచనలను కోరక మూయరాదు. చట్ట మింత తేటగా నున్నను, దేశమందలి అనేక కంటోన్మెంట్లలో ఈ పద్ధతి లేకయే దారులు మూయబడినవి. 2018 మే నెలలో రక్షణమంత్రిత్వశాఖవారు, విధివిహితముగా మూయబడని దారులను వెంటనే తెరువవలెనని దేశమందలి 62 కంటోన్మెంట్లకు నాజ్ఞాపించిరి. ఆ తరువాతను సికిందరాబాదున దారుల తగవు పూర్తిగా తీరలేదు. అయినను, ఆ యాజ్ఞలోని న్యాయము గ్రహింపదగినది. తుపాకి పట్టిన చేతికి సైతము, వీధిని మూయుటకు ముందు పౌరుని మాట వినవలసిన విధి గలదు. అట్లయినపుడు మునిసిపల్ కమీషనరునకు లేదందుమా?

ఎవరు నిర్ణయించుచున్నారు?

రాజ్యాంగమునకు 74 వ సవరణము 1993 జూన్ 1 నుండి అమలునకు వచ్చినది. దానితో చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములు 18 గలవు. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూవినియోగ నియంత్రణము, భవననిర్మాణము. రాజ్యాంగకర్తృత్వము గల పార్లమెంటు ఈ రెంటిని తలమీద పెట్టినది. కాని రాష్ట్రప్రభుత్వములు వీనిని సంఘముల చేతిలో పెట్టుటకు మనసొగ్గలేదు. మన తెలుగు రాష్ట్రములలో మహాప్రణాళికలు సిద్ధపరచునవి ప్రభుత్వము నియమించు నగరాభివృద్ధి సంస్థలు. ఒక సర్వేనంబరు భూమి నివాసమునుండి వ్యాపారమునకు మారవలెనన్నచో జీవో వెలువడునది సచివాలయమునుండి. వార్డు సభ్యునకు తన వార్డులోని నేల మారిన సంగతి పునాది త్రవ్వినపుడు తెలియుట వింతకాదు.

ఉన్న కౌన్సిలుకు అధికారము లేకుండుట యొకటి. కౌన్సిలే లేకుండుట మరియొకటి. మహావిశాఖ నగరపాలక సంఘమునకు 2012 లో గడువు తీరిన పిదప 2021 మార్చివరకు ఎన్నికలు జరుగలేదు. తొమ్మిదేండ్లు అంత పెద్దనగరమున ప్రజలెన్నుకొన్న కార్పొరేటరు ఒక్కడును లేడు. తీర్మానములు ప్రత్యేకాధికారుల సంతకములతో సాగినవి. సికిందరాబాదు మొదలుగా 57 కంటోన్మెంటులకు 2023 ఏప్రిలు 30 న ఎన్నికలని ప్రకటించి, మార్చినెలలోనే రద్దుచేసిరి. అధికారి సమర్థుడు కావచ్చును, నిష్కళంకుడును కావచ్చును. కాని బదిలీయైపోవు నధికారికి ఆ వీధి వెంట మరునాడు నడువవలసిన పని లేదు. నడువవలసినవాడు నిర్ణయించునపుడే వీధికి రక్ష.

చదువని నోటీసు

ఇంతవరకు ప్రభుత్వమును తప్పుపట్టితిమి. ఇక మన తప్పును చూచుకొందము.

భూవినియోగము మారుటకు ముందు పత్రికలలో ప్రకటన వేయవలెనని చట్టమున్నది. ఆక్షేపణలకు సాధారణముగ పదునైదు దినముల గడు విత్తురు. ఆ ప్రకటన యెట్లుండును? ఫలాని మండలము, ఫలాని గ్రామము, సర్వేనంబ రింత, విస్తీర్ణ మింత, ఉత్తరమున ఫలానివారి భూమి, దక్షిణమున ఇన్ని యడుగుల బాట. అక్షరములు చీమతలలంత. పత్రిక తిరుగవేయువాడు సినిమా ప్రకటనను చూచును, పెండ్లి ప్రకటనను చూచును, దీనిని చూడడు. పదునైదు దినములు గడచును. ‘ఆక్షేపణ లేవియు రాలేదు’ అని ఫైలులో వ్రాయబడును. ఆ వాక్యము అబద్ధము కాదు. మన మౌనమే సర్కారువారి దస్త్రమున సమ్మతియై కూర్చుండును.

భూస్వాములగు మా పాఠకులకు మరియొక మాట. పొలమును లేఅవుటుగా కోసినపుడు నూటికి పదివంతుల నేలను బహిరంగస్థలముగా విడిచి, దానపత్రము వ్రాసి స్థానిక సంస్థకు రిజిస్టరు చేయవలెనని నిబంధన. ఎన్ని లేఅవుటులలో ఆ పదివంతులు నేడు పదివంతులుగా నిలిచియున్నవి? కొన్ని చోట్ల దానపత్రమే లేదు. కొన్నిచోట్ల దానమిచ్చిన చేతితోనే మరల ప్లాట్లుగా అమ్ముట జరిగినది. కాలనీ సంఘములవారు దొంగల భయమని చెప్పి, మునిసిపల్ బాట మొగను ఇనుపగేటు నిలిపి, పరాయివానిని ‘ఎవరింటికి?’ అని యడుగుచున్నారు. తమ వీధికి గేటు పెట్టుకొన్నవారే పక్కపేటలో గేటు కనబడినపుడు కలెక్టరునకు అర్జీ వ్రాయుదురు!

ఈ యతిక్రమణములకు ప్రభుత్వములే ప్రోత్సాహమిచ్చినవి. అనుమతిలేని లేఅవుటులను, కట్టడములను రుసుము తీసికొని క్రమబద్ధము చేయు పథకములు మనవారి కొత్తవి కావు. సమైక్య రాష్ట్రమున 2007 చివర నొకటి, తెలంగాణమున 2015 లో నొకటి, 2020 లో మరియొకటి వచ్చినవి. ప్రతిసారియు ఇదియే చివరిసారియన్న భావమును కలిగించిరి. నిబంధనను పాటించినవాడు వెర్రివాడనియు, మీరినవాడు కొంచె మోపికపట్టిన చాలుననియు జనులు నేర్చుకొనిరి. పిమ్మట 2024 జూలైలో హైదరాబాదున హైడ్రా యను సంస్థ వెలసి, చెరువులలోను బాటలమీదను లేచిన కట్టడములను కూల్చ నారంభించినపుడు, అనుమతిపత్రము చూపి విలపించిన కుటుంబము లనేకము. అనుమతి యిచ్చిన చేయియు, కూల్చిన చేయియు ఒకే సర్కారుదే. నడుమ నలిగినది జీవితకాలపు కష్టార్జితము.

2024 నవంబరు 13 న సుప్రీముకోర్టు కూల్చివేతలను గూర్చి యిచ్చిన తీర్పు ఇచట స్మరణీయము. పదునైదు దినముల ముందు నోటీసు ఇయ్యక, సంజాయిషీ వినక, ఎవరి యింటిని కూల్చరాదని న్యాయస్థానము శాసించినది. అయితే వీధి, బాట, కాలిబాట, రైలుమార్గము, జలాశయము వంటి బహిరంగస్థలములలోని యక్రమ కట్టడములకు ఆ రక్షణ వర్తింపదనియు చెప్పినది. ఇంటికి గౌరవ మెంతయో చెప్పిన తీర్పే, వీధికి గౌరవ మెంతయో చెప్పినది. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను.

మూయుట యెల్ల తప్పు కాదు

పట్టణము పెరుగరాదని గాని, వీధి నెన్నడును మూయరాదని గాని మేము వాదించుట లేదు. మురుగుకాలువ త్రవ్వవలసినపుడు మూయవలెను. జాతర జరుగునపుడు మూయవలెను. ఇరుకైన బజారున మోటారు బండ్లను నిలిపివేసి నడచువారికి విడుచుట కొన్నిచోట్ల వర్తకమునకే మేలు. చిన్నగృహస్థునకు అనుమతి సులభము కావలసినదే. తెలంగాణమున 2020 లో చేసిన భవనానుమతుల చట్టము, 75 చదరపు గజముల వరకు గల స్థలమున ఇల్లు కట్టుకొనువానికి అనుమతి యక్కరలేదని, రూపాయి రుసుముతో నమోదు చాలునని చెప్పినది. పెద్ద కట్టడములకు 21 దినముల గడువు పెట్టినది. ఇవి మంచి మార్పులే. పేదవాడు గుమాస్తా బల్లముందు నిలిచి చేయిచాచు దినములు పోవలెను. కాని త్వరితము వేరు, రహస్యము వేరు. సొంత స్థలమున ఇల్లు కట్టుకొనువానికి త్వరితముగా నిండు. పదిమంది స్థలమును మార్చునపుడు పదిమందిని పిలువుడు.

వీధిని మూయునపుడు మరియొకని గూర్చి యోచింపవలెను. ఆ వీధినే నమ్ముకొని బ్రతుకు తోపుడుబండివాడు, గంపతో కూర్చుండు ముసలమ్మ. వారికి దస్తావేజు లేదు, పట్టా లేదు. 2014 నాటి వీధివర్తకుల చట్టము వారికొక స్థానమిచ్చినది. పట్టణ విక్రయ సంఘమున నూటికి నలుబదిమందికి తక్కువకాకుండ వర్తకుల ప్రతినిధులుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. ముందు వారి లెక్క తీయక, వారిని లేవగొట్టరాదు. ఒక తెల్లవారుజామున లారీ తెచ్చి బండ్లను ఎక్కించుకొనిపోవుట వీధిని చక్కబెట్టుట కాదు.

చీరాల పేరాల పాఠము

మన యాంధ్రదేశమున పురపాలనము, పురజనుల సమ్మతి అను మాటలు వినబడినపుడు స్మరణకు రాకపోనిది చీరాల-పేరాల. ప్రజలు వలదని మొరపెట్టుకొన్నను, చెన్నపురి ప్రభుత్వమువారు ఆ గ్రామములను కలిపి మునిసిపాలిటీగా చేసిరి. ఏటికి రూ. 4,000 గా నున్న పన్నులభారము రూ. 40,000 కు పెరుగనున్నదని నేతపనివారును రైతులును తల్లడిల్లిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున 1921 లో వారు ఇండ్లకు తాళములు వేసి, ఊరు విడిచి, పొలిమేర కావల రామనగరమను పాకల పల్లె కట్టుకొని ఇంచుమించు పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. గోపాలకృష్ణయ్య గారు చెరసాలకు పోయిరి. తుదకు జనులు తమ యిండ్లకు తిరిగి రావలసివచ్చినను, సమ్మతిలేని పురపాలనము పురపాలనము కాదను మాట దేశమంతయు వినినది.

నాటివారు పరాయి ప్రభుత్వముతో పోరాడిరి. వారిలో పెక్కుమందికి ఓటు లేదు, ఎవరికిని సమాచార హక్కు లేదు. వారికున్న దొక్కటే దారి: ఊరు విడుచుట. మనకు అన్నియు నున్నవి. మనము విడువవలసినది ఊరు కాదు, ఉదాసీనత. పదునొకండు నెలలు పాకలలో నుండనక్కరలేదు. పదినిమిషములు కూర్చుండి నోటీసు చదివి, ఒక కాగితముపై ఆక్షేపణ వ్రాసి, రసీదు పుచ్చుకొనిన చాలును.

మేము కోరునవి నాలుగు. భూవినియోగపు మార్పును, వీధి మూతను గూర్చిన ప్రకటన పత్రికలతో నాగక, ఆ స్థలమునందే నడచువారికి కనబడునట్లు పెద్ద తెలుగక్షరములలో పలకపై వ్రాసి నిలుపవలెను. వచ్చిన ప్రతి యాక్షేపణకును లిఖితపూర్వకముగా కారణములతో బదులియ్యవలెను. మూయు ప్రతి దారికిని, మూయుటకు ముందే ప్రత్యామ్నాయమార్గము చూపవలెను. కౌన్సిలులో ఈ తీర్మానములపై ఏ సభ్యు డేమనెనో పేరుపేరున ప్రకటింపవలెను. ఇందు ఖర్చుతో కూడిన పని యొక్కటియు లేదు.

పాఠకులలో పలువురకు ఇండ్లు గలవు. కొందరకు భూములు గలవు. గట్టు రాయి జానెడు జరిగినచో రాత్రికి రాత్రి అమీను కొరకు పరుగిడు జాగరూకత మనకు పుట్టుకతో వచ్చినది. ఆ జాగరూకతలో పదియవవంతు వీధి గట్టుమీద నిలిపితిమేని, దానిని జరుపు ధైర్యము ఏ కమీషనరునకును, ఏ మంత్రికిని, మన పొరుగువానికిని కలుగదు. ఆ పొరుగువాడు మనమే కాకుండ మొదట చూచుకొందము.